సన్‌స్క్రీన్ ట్యూబు మీది పెద్ద అంకె మన చర్మం కోసం పుట్టింది కాదు

మెడికల్ షాపుకెళ్ళి సన్‌స్క్రీన్ అడిగితే కౌంటర్ అవతల నుంచి వచ్చే మొదటి మాట "ముప్పయ్యా, యాభయ్యా?" అనే. కొనేవాళ్ళూ ఆ అంకె చూసే కొంటారు, పెద్దదైతే మంచిదని. ఆ అంకె అబద్ధమని కాదు గానీ, అది చెప్పే సంగతి వేరు. ఎస్‌పీఎఫ్ అంటే ఎండకు చర్మం ఎర్రగా కందిపోకుండా ఆ క్రీము ఎంతవరకు ఆపుతుందనే కొలత, అంతే. నల్లబడటం, మంగు మచ్చలు, మొటిమ మానిపోయాక కూడా నెలల తరబడి ముఖం మీద కూర్చునే నల్లటి గుర్తు, వీటి గురించి ఆ అంకె చెప్పేది చాలా తక్కువ. మనవాళ్ళు ఎక్కువమంది సన్‌స్క్రీన్ కొనేది మాత్రం సరిగ్గా వీటి కోసమే.

కొలత ఎలా తీస్తారో తెలిస్తే ఈ తిరకాసు అర్థమవుతుంది. వాలంటీర్ల వీపు మీద కొంతచోట చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున క్రీము రాస్తారు, పక్కనే కొంత చోటు ఖాళీగా వదిలేస్తారు, రెండిటి మీదా ల్యాబ్ దీపంతో అతినీలలోహిత కిరణాలు, అంటే యూవీ, పడేలా చేసి మర్నాడు ఎక్కడ ఎంత మోతాదుకి ఎర్రదనం మొదలైందో చూస్తారు. రాయని చోట ఒక వంతుకే కంది, రాసిన చోట ముప్పై వంతులు పడితే గానీ కందలేదంటే అది ఎస్‌పీఎఫ్ 30. ఎర్రదనం కంటికి స్పష్టంగా తెలియాలి కాబట్టి ఈ పరీక్షకు తెల్ల చర్మం వాళ్ళనే ఎంచుకుంటారు. అసలు ఈ ఆలోచన మొదలైందే ఆల్ప్స్ మంచుకొండల్లో. ఫ్రాంజ్ గ్రైటర్ అనే కెమిస్ట్రీ విద్యార్థి 1938లో పిజ్ బ్యూయిన్ శిఖరం ఎక్కుతూ ఎండకు కందిపోయి, దానికి విరుగుడుగా క్రీము తయారుచేసే పనిలో పడ్డాడు. ఎస్‌పీఎఫ్ అనే కొలత ప్రచారంలోకి రావడంలో కూడా ఆయనది పెద్ద చెయ్యి. కందిపోయే చర్మం ఉన్నవాళ్ళకి కందిపోకుండా ఉండటమే ముఖ్యం, అందులో తప్పేమీ లేదు.

మన చర్మం దారి వేరు. చర్మాన్ని ఎండకు స్పందించే తీరుని బట్టి ఆరు రకాలుగా విడగొట్టే ఫిట్జ్‌ప్యాట్రిక్ పద్ధతి 1975లో మొదలైంది. అందులో తెలుగువాళ్ళం ఎక్కువగా నాలుగు, ఐదు రకాల్లో పడతాం, అంటే కందడం తక్కువ, నల్లబడటం ఎక్కువ. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ దండిగా ఉండటం వల్ల చర్మ క్యాన్సర్ ముప్పు తెల్లవాళ్ళతో పోలిస్తే చాలా తక్కువ, అది మన అదృష్టం. కానీ అదే మెలనిన్ తయారుచేసే కణాలు చిన్న రెచ్చగొట్టుడికి కూడా పెద్దగా స్పందిస్తాయి. ఎండ తగిలినా, మొటిమ గిల్లినా, పార్లర్లో బ్లీచ్ మండినా, దోమ కుట్టినా ఆ చోట నలుపు దిగుతుంది, దిగిందంటే ఓ పట్టాన పోదు.

ఇందులో ఎవరి వాటా ఎంత అంటే, ఎండలోని యూవీలో మనకి తగిలేవి రెండు రకాలు, యూవీబీ, యూవీఏ. ఎర్రగా కందించేది ముఖ్యంగా యూవీబీ. ఎస్‌పీఎఫ్ కొలిచేది ప్రధానంగా దాన్నే. యూవీఏ దానికన్నా లోతుకి దిగుతుంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంటుంది, కిటికీ అద్దం లోంచి కూడా వస్తుంది, మన చర్మాన్ని నల్లబరచడంలోనూ ముడతలు తేవడంలోనూ దాని చెయ్యి పెద్దది. ఈ రెండూ కాక మూడోది ఒకటుంది, దాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు: కంటికి కనిపించే మామూలు వెలుగు. అమెరికాలోని డెట్రాయిట్ డాక్టర్లు 2010లో ప్రచురించిన పరిశోధనలో ముదురు రంగు చర్మం మీద కేవలం ఈ వెలుగే పడేలా చేస్తే చర్మం నల్లబడింది, ఆ నలుపు అలాగే నిలిచింది. తెల్ల చర్మం మీద అంతే వెలుగు వేస్తే ఏమీ కాలేదు. అంటే తెల్లవాళ్ళకి అక్కర్లేని ఒక రక్షణ మనకి కావాలి, అది ఎస్‌పీఎఫ్ అంకెలో లేదు.

మరి ఏం చూసి కొనాలి? ముందు చూడాల్సింది పీఏ పక్కన ఉన్న ప్లస్ గుర్తులు. ఇది జపాన్ వాళ్ళ పద్ధతి, 1996లో మొదలైంది, నాలుగో ప్లస్ 2013లో చేరింది. దీని వెనకున్న పరీక్షలో చూసేది ఎర్రదనం కాదు, యూవీఏ పడ్డాక చర్మం ఎంత నల్లబడి అలా నిలిచిపోయిందన్నది. మన బాధకి దగ్గరగా ఉన్న కొలత ఏదైనా ఉందంటే ఇదే. రెండు నుంచి నాలుగు రెట్లు ఆపితే ఒక ప్లస్, ఎనిమిది దాకా రెండు, పదహారు దాకా మూడు, పదహారూ ఆ పైనా ఆపితే నాలుగు. మన షాపుల్లో దొరికే ట్యూబుల మీద ఈ గుర్తు ఇప్పుడు మామూలుగానే కనిపిస్తోంది. ఎస్‌పీఎఫ్ 30కి నాలుగు ప్లస్‌లు ఉన్నదాన్నీ, ఎస్‌పీఎఫ్ 70 అని పెద్దగా రాసి పీఏ ఊసే లేనిదాన్నీ పక్కపక్కన పెడితే, మన చర్మానికి మొదటిదే మేలు. యూరప్ నుంచి వచ్చిన ట్యూబైతే యూవీఏ అక్షరాల చుట్టూ సున్నా గీసి ఉంటుంది, ఎస్‌పీఎఫ్ అంకెలో కనీసం మూడో వంతు యూవీఏ రక్షణ ఉందని దానర్థం. ఆ లెక్కన అక్కడి ఎస్‌పీఎఫ్ 50 ఇంచుమించు మన నాలుగు ప్లస్‌లతో సమానం.

అమెరికా సంగతి ఇక్కడ చెప్పక తప్పదు, ఎందుకంటే డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చేవాళ్ళ సూట్‌కేసులో బాదం ప్యాకెట్ల పక్కన సన్‌స్క్రీన్ ట్యూబులు తప్పకుండా ఉంటాయి, అక్కడిది కాబట్టి గొప్పదని ఇక్కడివాళ్ళు అపురూపంగా దాచుకుంటారు. నిజానికి అమెరికాలో సన్‌స్క్రీన్‌ని మందు కింద లెక్కగడతారు, యూవీని ఆపే కొత్త పదార్థానికి, అంటే యూవీ ఫిల్టర్‌కి అనుమతి దొరకడం యమకష్టం, 1990ల తర్వాత పాతికేళ్ళపాటు వాళ్ళ సాధారణ జాబితాలో కొత్త ఫిల్టర్ ఒక్కటీ చేరలేదు. ఈలోగా యూరప్, జపాన్, కొరియాలతో పాటు మన దేశంలోనూ యూవీఏని గట్టిగా ఆపే కొత్త ఫిల్టర్లు వాడకంలోకి వచ్చేశాయి. అమెరికా ట్యూబు మీద ఉండే "బ్రాడ్ స్పెక్ట్రమ్" అనే మాట యూవీఏని ఆపుతుందని చెబుతుందే గానీ ఎంత ఆపుతుందో చెప్పదు. ఇక్కడ నాలుగైదు వందలు పెట్టి కొన్న ట్యూబే నల్లబడకుండా ఆపడంలో దానికన్నా మెరుగ్గా ఉండే అవకాశం బాగానే ఉంది.

ఇక మంగు ఉన్నవాళ్ళ సంగతి. బుగ్గల ఎముకల మీద, పై పెదవి మీద, నుదుటి మీద గోధుమ నలుపులో అల్లుకునే ఈ మచ్చలు గర్భం వచ్చినప్పుడో, గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడో తరచూ మొదలవుతాయి, వంశంలో ఉంటే ఇంకా తొందరగా వస్తాయి. ఎంత మంచి క్రీములు వాడి తగ్గించుకున్నా ఒక్క వేసవిలో మళ్ళీ మొదటికొస్తాయి. మామూలు సన్‌స్క్రీన్ యూవీని ఆపుతుంది గానీ కనిపించే వెలుగుని ఆపలేదు, ఎందుకంటే వెలుగుని ఆపేదైతే కంటికి కనబడుతుంది కదా, రంగు ఉంటుంది. ఆ రంగే ఐరన్ ఆక్సైడ్, ఫౌండేషన్‌లో వేసేది కూడా అదే, ట్యూబు మీద "టింటెడ్" అని రాసి ఉంటుంది. మెక్సికోలో చేసి 2014లో ప్రచురించిన పరిశోధనలో మంగు ఉన్నవాళ్ళందరికీ ఒకే మందు 8 వారాలు ఇచ్చి, కొందరికి మామూలు సన్‌స్క్రీన్, కొందరికి ఐరన్ ఆక్సైడ్ కలిపినది ఇస్తే రెండో గుంపులో మచ్చలు ఎక్కువ తగ్గాయి. కాబట్టి మంగు ఉన్నవాళ్ళు ఇంకేం చూసినా చూడకపోయినా టింట్ ఉన్నది ఎంచుకోవడమే తెలివైన పని. చిక్కల్లా షేడ్ దగ్గర. చాలా కంపెనీలు ఒకే ఒక్క షేడ్ తయారుచేసి "అందరికీ సరిపోతుంది" అని అమ్ముతాయి, అది చామనఛాయకన్నా ముదురు రంగున్నవాళ్ళ ముఖం మీద బూడిద రంగులోనో నారింజ రంగులోనో తేలుతుంది. రెండు మూడు షేడ్లున్న కంపెనీ దొరికితే తీసుకోవాలి, లేదంటే మామూలు సన్‌స్క్రీన్ రాసుకుని అది ఆరాక తమ రంగుకి సరిపోయే కాంపాక్టో ఫౌండేషనో వేసుకోవచ్చు. పని ఎక్కువే, కానీ ఫలితం ఉంటుంది.

ఇంత చెప్పాక ఎస్‌పీఎఫ్ పూర్తిగా పనికిరాదా అంటే, అదీ కాదు. ఎస్‌పీఎఫ్ 15 దాటి వచ్చే యూవీబీ సుమారు 7 శాతం, 30 దాటి వచ్చేది 3 శాతం పైచిలుకు, 50 దాటి వచ్చేది 2 శాతం. కాగితం మీద 30కీ 50కీ పెద్ద తేడా లేదు, 50కీ 100కీ ఇంకా లేదు. అయినా 50 కొనమనడానికి కారణం వేరే ఉంది, అది మనం రాసే తీరు. ల్యాబ్‌లో రాసే మందంలో ఇంట్లో ఎవరూ రాయరు, సగమో అంతకన్నా తక్కువో రాస్తారు, దాంతో ట్యూబు మీది 50 చర్మం మీదకొచ్చేసరికి సగానికో అంతకన్నా కిందికో దిగిపోతుంది. 30తో మొదలుపెడితే మిగిలేది మరీ తక్కువ.

ఎంత రాయాలన్నదానికి తేలికైన కొలత ఒకటుంది. చూపుడు వేలు, మధ్య వేలు, ఈ రెండింటి మీద అరచేతి మొదలు నుంచి వేలి కొస దాకా ఒక్కో గీత క్రీము పిండితే అది ముఖానికీ మెడకీ సరిపోతుంది. ఒక్కో చేతికి, భుజం నుంచి వేళ్ళ దాకా, మళ్ళీ రెండు వేళ్ళు. మొదటిసారి అంత క్రీము చూస్తే "ఇదంతా ముఖానికేనా" అనిపిస్తుంది, ఒక్కసారి ఇంకకపోతే సగం రాసి, రెండు నిమిషాలాగి మిగతా సగం రాయొచ్చు. ముఖానికి, మెడకి ఒక్కసారికి కనీసం ఒక గ్రాము పడుతుంది. అంటే 50 గ్రాముల ట్యూబు రోజుకొకసారి వాడితే మహా అయితే యాభై రోజులు, పొద్దున ఒకసారి మధ్యాహ్నం ఒకసారి వాడితే పాతిక రోజులు. సంక్రాంతికి కొన్న ట్యూబు ఉగాది దాటినా అవ్వలేదంటే అది పొదుపు కాదు, సరిపడా రాయట్లేదని, ఆ ట్యూబు పని చేయట్లేదని. "సన్‌స్క్రీన్ వాడుతూనే ఉన్నా నల్లబడ్డాను" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి జవాబు ఇక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. విజయవాడలో మే నెల ఉక్కపోతలో, ఒంట్లోంచి చెమట కారిపోతుంటే, రెండు వేళ్ళ నిండా జిడ్డు క్రీము ముఖానికి పూసుకుని ఎవరు తిరగగలరు? అందుకే ఒకరి చర్మానికి సరిపోయే సన్‌స్క్రీన్ ఏదంటే, ఆ మనిషి రెండు వేళ్ళ కొలత ప్రకారం రోజూ విసుక్కోకుండా రాసుకోగలిగేది. టెక్స్చర్, అంటే క్రీము చర్మం మీద ఎలా ఉంటుందన్నది, సోకు వ్యవహారం కాదు, రక్షణలో సగం దాని మీదే ఉంటుంది.

తమది ఏ చర్మమో తెలియనివాళ్ళు ముఖం కడుక్కుని ఏమీ రాయకుండా ఒక గంట ఫ్యాన్ కింద కూర్చుని చూసుకుంటే చాలు. ముఖమంతా మెరుస్తుంటే జిడ్డు చర్మం, ముక్కూ నుదురూ మాత్రమే మెరిస్తే కలగలుపు, బుగ్గలు బిగుసుకుపోయి లాగుతుంటే పొడి చర్మం. జిడ్డు చర్మానికి జెల్, ఫ్లూయిడ్, "మాట్ ఫినిష్" అని రాసినవి నప్పుతాయి, వీటితో మాయిశ్చరైజర్ కూడా విడిగా అక్కర్లేకపోవచ్చు. పొడి చర్మం వాళ్ళు గ్లిజరిన్, సెరమైడ్ లాంటి తేమ నిలిపేవి ఉన్న క్రీము రకం తీసుకోవాలి, మాట్ రకం రాస్తే మధ్యాహ్నానికి పొట్టు లేచినట్టు అవుతుంది. అయితే ఒకే మనిషికి ఆదిలాబాద్ డిసెంబరు చలిలో నప్పింది నెల్లూరు మే నెలలో నప్పకపోవచ్చు, ఏడాదంతా ఒకే ట్యూబు వాడాలన్న నియమం ఏమీ లేదు.

మొటిమలున్నవాళ్ళు "నాన్ కొమెడోజెనిక్", అంటే చర్మ రంధ్రాలు మూసుకుపోనివ్వదు, అనే మాట వెతుకుతారు. వెతకొచ్చు, కానీ అది కంపెనీ తనకి తాను ఇచ్చుకునే సర్టిఫికెట్ లాంటిది, దానికి గట్టి ప్రమాణం ఏదీ లేదు. గడ్డం కింద దవడ అంచున వారం పది రోజులు రాసి చూసుకోవడమే నమ్మకమైన పరీక్ష. ముట్టుకుంటే మండే సున్నితమైన చర్మం ఉన్నవాళ్ళు ముందు సువాసన లేనిది చూడాలి, తర్వాత జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ అనే రెండు ఖనిజాల మీద ఆధారపడిన "మినరల్" రకానికి వెళ్ళాలి. గర్భిణులకీ ఇదే రకం మేలని చాలామంది డాక్టర్లు చెబుతారు, ఎందుకంటే మినరల్ కాని రకాల్లో వాడే కొన్ని కెమికల్ ఫిల్టర్లు చర్మం లోంచి రక్తంలోకి చేరుతున్నాయని తేలింది. దాని వల్ల హాని ఉందని రుజువు కాలేదు, అయినా జింక్ ఉండగా ఆ టెన్షన్ ఎందుకు? ఆరు నెలల లోపు పిల్లలకి మాత్రం ఏ సన్‌స్క్రీనూ వద్దు, నీడా ఒళ్ళు కప్పే తేలికైన బట్టా చాలు.

మినరల్ రకం అద్దంలా వెలుగుని వెనక్కి కొడుతుందని, కెమికల్ రకం పీల్చుకుంటుందని అందరూ చెప్పే మాట ఒకటుంది. అది చాలావరకు తప్పు. జింక్ కూడా యూవీని ప్రధానంగా పీల్చుకునే ఆపుతుంది, వెనక్కి కొట్టేది కొద్ది శాతమే. అది వెనక్కి చెదరగొట్టేది మామూలు వెలుగుని, అందుకే మన రంగు మీద పిండి పూసినట్టు తెల్లగా కనిపిస్తుంది. పెళ్ళి ఫోటోల్లో ఫ్లాష్ పడగానే ముఖం ఒక రంగు, మెడ ఒక రంగులో వచ్చే గొడవ దీని వల్లే. జింక్ కావాలి, తెలుపు వద్దు అంటే మళ్ళీ టింటెడ్ దగ్గరికే రావాలి.

కెమికల్ రకంలో వెనకవైపు చిన్న అక్షరాలు కాస్త చదవాలి. యూవీఏ కోసం ఎక్కువగా వాడేది అవోబెంజోన్. మంచిదే, కానీ ఎండ తగిలితే తానే విరిగిపోయే గుణం దానికుంది, పక్కన ఆక్టోక్రిలీన్ లాంటి తోడు ఉంటేనే నిలబడుతుంది. పక్కన ఆక్టినాక్సేట్ ఉంటే ఇంకా తొందరగా విరిగిపోతుంది. ఈ రెండూ కలిపిన పాత ఫార్ములాలు ఇప్పటికీ షాపుల్లో ఉన్నాయి. బెమోట్రిజినాల్ లాంటి కొత్త ఫిల్టర్లు ఎండకు చెక్కుచెదరవు, వాటి అసలు పేర్లు మాత్రం లేబుల్ మీద గూడ్సు బండిలా సాగుతాయి, "బిస్ ఇథైల్‌హెక్సైలాక్సీఫినాల్" అని మొదలైతే అదే అనుకుని సంతోషించవచ్చు. చెమటతో కలిసి కంట్లోకి దిగి మంట పుట్టించేది ఎక్కువగా కెమికల్ ఫిల్టర్లే కాబట్టి, కళ్ళ చుట్టూ, కనుబొమల పైన మినరల్ స్టిక్ రాసుకుని మిగతా ముఖానికి వేరేది రాసుకోవడం చాలామందికి కుదురుతుంది.

ఇంతకీ ట్యూబు మీద రాసిందంతా నమ్మొచ్చా? ఆస్ట్రేలియాలో, సన్‌స్క్రీన్ నియమాలు ప్రపంచంలోనే కఠినంగా ఉండే చోట, చాయిస్ అనే వినియోగదారుల సంస్థ 2025లో 20 సన్‌స్క్రీన్లు పరీక్షిస్తే 16 తమ అంకెను అందుకోలేకపోయాయి, ఎస్‌పీఎఫ్ 50 ప్లస్ అని రాసున్న ఒకటి 4 దగ్గర ఆగింది. అదే ఏడాది మన దేశంలో రెండు పెద్ద కంపెనీలు ఒకరి ఎస్‌పీఎఫ్ మీద ఇంకొకరి ప్రకటన గురించి హైకోర్టు దాకా వెళ్ళాయి. మన దగ్గర సన్‌స్క్రీన్ మందు కాదు, కాస్మెటిక్, నిఘా ఆ మేరకే ఉంటుంది. మనుషుల మీద పరీక్ష చేశారా, కేవలం ల్యాబ్ పరికరం మీద కొలిచారా అన్నది తేడా తెచ్చే విషయం. మొదటిదాన్ని "ఇన్ వివో" అంటారు, ఖర్చు ఎక్కువ. చేయించిన కంపెనీలు ఆ మాట వెబ్‌సైట్‌లోనో డబ్బా మీదో వేసుకోకుండా ఉండవు. వేసుకోలేదంటే ఎందుకో ఆలోచించాలి.

ఎప్పుడు రాయాలి అన్నదాంట్లో మనవాళ్ళ అతి పెద్ద పొరపాటు, వేడినీ యూవీనీ ఒకటే అనుకోవడం. ఒంటికి తెలిసేది వేడి, యూవీ తెలియదు. హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికొచ్చి నిలబెట్టిన కర్రకి నీడే పడని రోజులు ఏడాదికి రెండు, ఒకటి మే రెండో వారం అటూ ఇటూ, రెండోది ఆగస్టు మొదట్లో. మేలో అందరూ జాగ్రత్తపడతారు, ఆగస్టులో వానలు కదా అని సన్‌స్క్రీన్ అలమరలో పెట్టేస్తారు, సూర్యుడు మాత్రం రెండుసార్లూ ఒకే ఎత్తులో ఉంటాడు. పల్చటి మబ్బులోంచి యూవీ చాలావరకు వచ్చేస్తుంది. మన నీడ మనకన్నా పొట్టిగా ఉన్నంతసేపూ యూవీ జోరుగా ఉన్నట్టే, ఫోన్‌లో యూవీ తీవ్రతని చెప్పే యూవీ ఇండెక్స్ 3 గానీ ఆ పైన గానీ ఉంటే రక్షణ కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, ఎండాకాలం మధ్యాహ్నాల్లో మన దగ్గర అది 11 దాటడం మామూలే. ఆఫీసులో కిటికీ పక్కన కూర్చునేవాళ్ళకీ, రోజంతా కారు నడిపేవాళ్ళకీ అద్దం లోంచి యూవీఏ తగులుతుంది. కారు ముందు అద్దం రెండు పొరలది కాబట్టి దాదాపు ఆపేస్తుంది, పక్క అద్దాలు చాలావాటిలో అంత ఆపవు. కిటికీ లేని గదిలో ట్యూబ్‌లైటు కింద పనిచేసేవాళ్ళు ప్రతి రెండు గంటలకీ రాసుకోవాలని చెప్పేవాళ్ళ మాట పట్టించుకోనక్కర్లేదు, ఆ రెండు గంటల నియమం బయట తిరిగేవాళ్ళకి. లోపలే ఉండేవాళ్ళు పొద్దున ఒకసారి, సాయంత్రం ఎండ ఉండగా బయటికొస్తే ఇంకోసారి రాసుకుంటే సరిపోతుంది.

బైకు మీద తిరిగేవాళ్ళకి, డెలివరీ పని చేసేవాళ్ళకి రెండు గంటలకోసారి దుమ్మూ చెమటా పట్టిన ముఖానికి మళ్ళీ క్రీము రాయమనడం జరిగే పని కాదు. వాళ్ళకి బట్టే మంచిది. సిగ్నళ్ళ దగ్గర అమ్మే స్లీవ్స్, ముఖానికి చుట్టిన చున్నీ, హెల్మెట్ వైజర్, ఇవి ఏ క్రీముకీ తీసిపోవు, చెమటకి కారిపోవు కూడా. కాకపోతే బట్ట దళసరిగా ఉండాలి, వెలుగుకి అడ్డంగా పట్టుకుంటే అవతల కనిపించే పల్చటి తెల్ల బట్ట పెద్దగా ఆపదు, తడిస్తే ఇంకా ఆపదు. మిరప కోతలకీ వరి నాట్లకీ వెళ్ళే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ ఫుల్‌చేతుల చొక్కా వేసుకుని తలకి తువ్వాలు చుట్టుకోవడం మనం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, రోజంతా ఎండలో ఉండే మనిషికి అంతకన్నా ఆచరణలో నిలిచే సన్‌స్క్రీన్ ఇంకోటి లేదు. ఎండలో పనికి ఇంకో సంగతి కూడా: క్రీము వడదెబ్బని ఆపదు, నీళ్ళూ నీడే ఆపుతాయి.

కొబ్బరి నూనెకి ఎస్‌పీఎఫ్ ఉందన్న మాట తరచూ వినిపిస్తుంది. నూనెని ఆల్కహాల్‌లో కలిపి పరికరంలో పెట్టి కొలిచినప్పుడు ఏడు చుట్టుపక్కల వచ్చిన అంకె అది, చర్మం మీద రాసి కొలిచింది కాదు. పసుపు కూడా సన్‌స్క్రీన్ పని చేయదు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే మాత్రం బొబ్బలెక్కి నల్లటి చారలు పడతాయి, అది చిట్కా కాదు, ప్రమాదం. ఇక సన్‌స్క్రీన్ రాస్తే డి విటమిన్ రాదని భయపడేవాళ్ళకి ఒక్కటే మాట, మన దేశంలో సన్‌స్క్రీన్ ముట్టని కోట్లమందికి కూడా డి విటమిన్ తక్కువే, ఒక కారణం నీడపట్టున ఉండటం. ముఖానికి రాసుకుని చేతులకూ కాళ్ళకూ కాసేపు ఎండ తగలనిస్తే పేచీ లేదు, అనుమానముంటే రక్తపరీక్ష చేయించుకోవచ్చు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది, తెల్లబడటం కోసం మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని నెలల తరబడి రాసే స్టెరాయిడ్ క్రీముల గురించి. మొదటి రెండు వారాలు ముఖం మెరుస్తుంది, తర్వాత చర్మం పల్చబడి, ఎర్రనరాలు తేలి, కాస్త ఎండ తగిలినా మండిపోయే స్థితికొస్తుంది. అప్పుడు ఏ సన్‌స్క్రీన్ రాసినా మంటే, "నాకు సన్‌స్క్రీన్ పడదు" అని ఆ ట్యూబుని తప్పుబడతారు. ముందు ఆపాల్సింది ఆ క్రీము, అదీ ఉన్నపళంగా కాదు, చర్మ డాక్టర్ చెప్పిన పద్ధతిలో. మొటిమలకిచ్చే డాక్సీసైక్లిన్, బీపీకిచ్చే కొన్ని నీరుమాత్రలు కూడా చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తాయి, అవి వేసుకునేవాళ్ళు మాత్ర మానకుండా ఎండ నుంచి కాపాడుకోవడం పెంచాలి.

కొనేటప్పుడు పెద్ద ట్యూబు ఆఫర్లో వస్తోందని ఎగబడకుండా ముందు చిన్నది తీసుకుని, ఏసీ గదిలో కాకుండా చెమట పట్టే మధ్యాహ్నంలో వాడి చూడాలి. కింద రాసిన మాయిశ్చరైజర్‌తో కలిసి ఉండలు కడుతోందా, కళ్ళు మండుతున్నాయా, గంట తర్వాత ముఖం బూడిద రంగుకి తిరిగిందా అన్నవి అప్పుడే బయటపడతాయి. ఆన్‌లైన్ సేల్‌లో సగం ధరకి వచ్చే వాటి తేదీ తప్పకుండా చూసుకోవాలి. ఇంటికి తెచ్చాక దాన్ని బండి డిక్కీలోనో కారు డాష్‌బోర్డు మీదో వదిలేస్తే ఆ వేడికి ఫిల్టర్లు పాడవుతాయి. పిండినప్పుడు నీళ్ళు వేరుగా, ముద్ద వేరుగా వస్తుంటే తేదీ ఎంత ఉన్నా సరే, అది చెత్తబుట్టకే.